మెట్ట పక్షులకూ నీటి పక్షులకూ 16 గేజ్: మీకు నచ్చిన తుపాకీ ఏది, ఎందుకు?

మెట్టదారి (మిన్నియాపోలిస్)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఏటా అక్టోబరులో దక్షిణ డకోటాకు ఫెజెంట్ (పొడవు తోక గల కోడి జాతి పక్షి) వేటకు వెళ్తాను. మిన్నెసోటాలో చిన్న చెరువుల ఒడ్డున బొమ్మ బాతులు వదిలి బాతుల కోసం కూర్చుంటాను. ఇంతవరకు రెండు పనులకూ ఒకే 12 గేజ్ ఆటోలోడర్ (పేల్చగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే తుపాకీ) వాడుతూ వచ్చాను. బాతుల దగ్గర దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ కూర్చునే ఉంటాము. ఫెజెంట్ల దగ్గర మాత్రం నడుము దాకా పెరిగిన గడ్డిలో రోజంతా నడవాలి. మధ్యాహ్నం దాటాక ఆ ఎనిమిది పౌండ్ల బరువు చేతులకు తెలుస్తుంది, పుంజు లేచిన క్షణానికి తుపాకీ భుజం మీదికి రావడం ఆలస్యమవుతుంది.

20 గేజ్ తీసుకొమ్మని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. కానీ నవంబరులో గాలి వీస్తున్నప్పుడు ముప్పై అయిదు గజాల దూరంలో లేచే ముదురు పుంజుకు అది చాలదేమోనని నా అనుమానం. అందుకే 16 గేజ్ వైపు మనసు పోతోంది. మీలో దానిని నిజంగా పొలంలో మోసి వాడినవారు ఏ తుపాకీని ఇష్టపడుతున్నారు, దానిలో ఏ తూటా వేస్తున్నారు, బాతులకు కూడా అదే సరిపోతుందా అన్న విషయాలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను. పాతదైనా కొత్తదైనా నాకు అభ్యంతరం లేదు.

---

పాతఇనుము (పెన్సిల్వేనియా)

మెట్టదారి గారూ, మంచి ప్రశ్న అడిగారు. తుపాకీ పేర్లలోకి వెళ్లే ముందు ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే 16 గేజ్ మీద నాకున్న అభిమానమంతా ఆ లెక్క మీదే నిలిచి ఉంది.

ఒక పౌండు సీసంతో గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని తయారవుతాయో అదే ఆ తుపాకీ గేజ్. పదహారు గుండ్లు ఒక పౌండు అంటే ఒక్కో గుండు ఒక ఔన్సు. ఒక ఔన్సు పెల్లెట్లను, అంటే తూటాలోని చిన్న గుళికలను, ఈ గొట్టంలో నింపినప్పుడు వాటి ఎత్తూ వెడల్పూ దాదాపు సమానంగా ఉంటాయి, కాబట్టి గొట్టంలో రాసుకుని నలిగే పెల్లెట్లు తక్కువ. బర్మింగ్‌హామ్ తుపాకీల తయారీదారు గ్రీనర్ పేరు మీద ఒక సూత్రం ఉంది: తుపాకీ బరువు అది పేల్చే పెల్లెట్ల బరువుకు 96 రెట్లు ఉంటే వెనక్కి తన్నే దెబ్బ భుజానికి భారం కాదు. ఒక ఔన్సుకు 96 రెట్లు అంటే సరిగ్గా ఆరు పౌండ్లు. రోజంతా మోయదగిన తుపాకీ బరువూ, ముప్పై అయిదు గజాల దూరంలో పుంజును పడగొట్టగల పెల్లెట్ల బరువూ ఈ ఒక్క గేజ్‌లోనే చక్కగా కలుస్తాయి.

అయితే ఇది ఆ తుపాకీని 16 కోసమే కొలిచి చేసినప్పుడు మాత్రమే నిజం. కొన్ని కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి 12 గేజ్ ఫ్రేములోనే (గొట్టం బిగించే లోహపు భాగంలోనే) 16 గొట్టాన్ని బిగించి అమ్మాయి. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 పంపు తుపాకీలోనూ (ముందరి చెక్కను వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది), ఆ తర్వాతి 1100 ఆటోలోడర్‌లోనూ 16 గేజ్ అలా వచ్చినదే. అవి గట్టి తుపాకీలే, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ 12 బరువు మోస్తూ 16 తూటా పేల్చడం వల్ల మీకు కలిగే లాభం ఏమీ లేదు. కాబట్టి 16 గేజ్ కొనేవారు గొట్టం కన్నా ముందు ఫ్రేమును చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక నాకు నచ్చినవి. మొదటి స్థానం ఏ.హెచ్. ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్‌ది. ఫిలడెల్ఫియాలో చేసిన ఈ జోడు గొట్టాల తుపాకీకి చెక్కడాల అలంకారం దాదాపు ఉండదు, లోపలి యంత్రాంగం మాత్రం కంపెనీ చేసిన ఖరీదైన రకాలదే. ఫాక్స్‌లో 16కూ 20కీ ఒకే చిన్న ఫ్రేము వాడారు, అందువల్ల ఆరు, ఆరున్నర పౌండ్ల మధ్య తూగుతుంది. 1929లో సావేజ్ కంపెనీ ఫాక్స్‌ను కొన్న తర్వాత తయారీ న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాకు మారింది. మొదట చేసినవైనా తర్వాత చేసినవైనా పొలంలో బాగా పనిచేస్తాయి.

రెండవది వించెస్టర్ మోడల్ 12. 1912లో ముందుగా 20 గేజ్‌లో వచ్చి, ఆ తర్వాత 12లోనూ 16లోనూ వచ్చింది. 16 రకాన్ని 20 ఫ్రేము మీదనే చేశారు. చెక్కి తీసిన ఉక్కు భాగాలు కావడంతో పంపు వెనక్కీ ముందుకీ కదులుతున్నప్పుడు ఎక్కడా గీరుకోదు. 1964లో మామూలు తయారీ ఆపేసే నాటికి అన్ని గేజ్‌లూ కలిపి దాదాపు ఇరవై లక్షలు చేశారు, అందుచేత మంచి స్థితిలో ఉన్న 16 ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది.

మూడవది ఇథాకా మోడల్ 37. దీని గురించి ఇతర సభ్యులు నాకన్నా బాగా చెప్పగలరు.

---

పన్నెండేచాలు (కాన్సస్)

పాతఇనుము గారి లెక్కను గౌరవిస్తూనే భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. ఆరున్నర పౌండ్ల 12 గేజ్ తుపాకీలు ఈరోజు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక ఔన్సు తూటా వేసుకుంటే 16 చేసే పని అంతా అవుతుంది. అదే తుపాకీలో డిసెంబరులో పెద్దబాతులకు మూడంగుళాల ఉక్కు తూటా వేసుకోవచ్చు. చిన్న ఊళ్లో దుకాణానికి వెళ్తే 12 తూటాలు గోడంతా పేర్చి ఉంటాయి, 20 కూడా ఉంటాయి, 16 మాత్రం ఉంటే ఒక పెట్టె, లేకపోతే లేదు.

16 వెనకబడడానికి కారణాలు కూడా గుర్తు చేసుకోవాలి. ఎగిరే మట్టి బిళ్లలను పేల్చే స్కీట్ పోటీల్లో 12, 20, 28, .410 విభాగాలు ఏర్పడ్డాయి, 16కు సొంత విభాగం రాలేదు. పోటీల్లో లేని గేజ్‌కు కొత్త తుపాకీలూ కొత్త తూటాలూ తయారు చేయడానికి కంపెనీలు ముందుకు రాలేదు. ఆపైన 1950లలో మూడంగుళాల 20 గేజ్ తూటా వచ్చి 16 చేసే పనిని తాను చేస్తానంది. మార్కెట్ ఇచ్చిన ఆ తీర్పుకు బలమైన ఆధారం ఉందని నా నమ్మకం.

---

తుపాకీపనివాడు (విస్కాన్సిన్)

మూడంగుళాల 20 గేజ్ తూటాలో పెల్లెట్ల బరువు 16తో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా ఉంటుందన్నది నిజమే. అయితే సన్నని గొట్టంలో ఆ బరువు పొడుగ్గా పేరుకుంటుంది. అంత తూటాను అయిదున్నర పౌండ్ల 20లో పేల్చితే భుజం మీద పడే దెబ్బను ఎవరూ ఇష్టపడరు. అదే బరువును 16 మరింత మృదువుగా, మరింత సమంగా పంపుతుందని కాగితం మీద పేల్చి చూసినప్పుడల్లా నాకు కనిపించింది. దీనిపై పన్నెండేచాలు గారితో వాదనకు దిగను, ఆయన చెప్పిన తూటాల కొరత వాస్తవం. పాత 16 కొనేవారికి తెలియవలసిన మరో ముఖ్యమైన విషయం ఉంది, దానిని ఎవరైనా నిర్లక్ష్యం చేస్తే చేతులకూ కళ్లకూ ప్రమాదం.

ఈ రోజు అమెరికాలో దొరికే 16 గేజ్ తూటాలు దాదాపు అన్నీ రెండు ముప్పావు అంగుళాలవి, అంటే 70 మిల్లీమీటర్లవి. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన చాలా 16 గేజ్ తుపాకీల ఛాంబరు (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) మాత్రం 65 మిల్లీమీటర్లది, అంటే రెండు అంగుళాల మీద పదహారింట తొమ్మిది. కొన్ని అమెరికన్ జోడు గొట్టాల తుపాకీలలో అంతకన్నా కొంచెం తక్కువ కూడా ఉంటుంది. పేల్చకముందు కొత్త తూటా ఆ ఛాంబరులో ఇబ్బంది లేకుండా పడుతుంది, ఎందుకంటే దాని నోరు మడిచి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని ఛాంబరు దాటి గొట్టం మొదట్లోని సన్నని భాగంలోకి చొచ్చుకుపోతుంది, దాంతో లోపలి ఒత్తిడి పెరుగుతుంది. లోపల పట్టింది కాబట్టి సరిపోయిందని అనుకోవడం అందుకే ప్రమాదకరం.

చేయవలసినది సులభమే. కొనే ముందు తుపాకీ మరమ్మతు చేసే నిపుణుడి చేత ఛాంబరు పొడవు కొలిపించండి. పొట్టిగా ఉంటే పొట్టి తూటాలు, తక్కువ ఒత్తిడి తూటాలు ప్రత్యేకంగా తెప్పించుకోవాలి. గొట్టం గోడ మందం సరిపోతుందని నిపుణుడు నిర్ధారిస్తే ఛాంబరును పొడిగించుకునే అవకాశం కూడా ఉంది. మెలితిప్పిన ఇనుప పట్టీలతో చేసిన డమాస్కస్ గొట్టాలుంటే ఈనాటి తూటాలు అందులో వేయవద్దు.

ఇథాకా 37 గురించి పాతఇనుము గారు నాకు వదిలిపెట్టారు, అందుకు సంతోషం. నేను ఇక్కడి అడవుల్లో గ్రౌస్ అనే కోడి జాతి పక్షి కోసం తిరిగేటప్పుడు మోసేది అదే. 1937లో వచ్చిన ఈ పంపు తుపాకీకి తూటా లోపలికి వెళ్లేదీ, కాలిన డొప్ప బయటికి వచ్చేదీ అడుగు వైపు నుంచే. పక్కన తెరుచుకునే కిటికీ లేదు కాబట్టి ముళ్లూ ఆకులూ మంచూ లోపలికి పోవు. కుడిచేతివాటం వారికీ ఎడమచేతివాటం వారికీ సమానంగా అనువైనది. 16 గేజ్ రకం ఆరు పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. లేత ఆస్పెన్ చెట్ల గుబురులో గ్రౌస్ లేస్తే మీకు దొరికేది ఒక రెప్పపాటు, పదిహేను ఇరవై గజాల దూరం. అక్కడ తుపాకీ తేలికగా తిరగడమే మొదటి అవసరం, శక్తి ఆ తర్వాత.

పాతది కొనేవారికి రెండు జాగ్రత్తలు. సీరియల్ సంఖ్య 855,000 కన్నా ముందుదైతే వేరే గొట్టం కొని నేరుగా బిగించలేరు, నిపుణుడు సరిచేయాలి. పాత రకాల్లో ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే పంపు ముందుకు తోస్తే తుపాకీ పేలుతుంది. అందువల్ల పంపు నడిపేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు.

---

మెట్టదారి (మిన్నియాపోలిస్)

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఛాంబరు సంగతి నాకు చాలా ముఖ్యమైన సమాచారం. ఆటోలోడర్‌కు అలవాటు పడ్డవాడిని కాబట్టి బ్రౌనింగ్ స్వీట్ సిక్స్‌టీన్ గురించి కూడా తెలుసుకోవాలని ఉంది. పాతదానికీ కొత్తదానికీ తేడా ఎంత? ఎవరైనా రెండూ వాడారా?

---

కౌజుపిట్ట (ఆబిలీన్, టెక్సస్)

రెండూ వాడుతున్నాను, రెండూ ఇష్టమే, అయితే రెండింటికీ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

పాత ఆటో-5 జాన్ బ్రౌనింగ్ రూపొందించిన తుపాకీ. బెల్జియంలోని ఎఫ్ఎన్ కర్మాగారంలో 1902లో తయారీ మొదలైంది. 16 గేజ్‌లో తేలికపరిచిన స్వీట్ సిక్స్‌టీన్ 1930లలో వచ్చింది. పేల్చినప్పుడు గొట్టం మొత్తం వెనక్కి జరిగి మళ్లీ ముందుకు వస్తుంది. ఆ కదలికను అదుపు చేయడానికి తూటాల గొట్టం మీద కంచు ఉంగరమూ ఉక్కు ఉంగరమూ ఉంటాయి. తేలిక తూటాకు ఒక వరుస, బరువు తూటాకు మరో వరుస. ఇది సరిగా అమర్చకపోతే తేలిక తూటాలతో పని ఆగిపోతుంది, బరువు తూటాలతో చెక్క పగులుతుంది. పాతది కొన్నప్పుడు ముందు ముందరి చెక్కను విప్పి ఉంగరాల వరుస చూడాలి, చెక్క లోపలి వైపు పగుళ్లు ఉన్నాయేమో గమనించాలి. యుద్ధానికి ముందు చేసిన 16లకు పొట్టి ఛాంబరు ఉంటుందని తుపాకీపనివాడు గారు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది. పైగా ఆటోలోడర్‌లో పొడుగు తూటా పేల్చితే విచ్చుకున్న డొప్ప కిటికీలోంచి బయటపడక ఇరుక్కుంటుంది.

2016లో వచ్చిన కొత్త ఏ5 స్వీట్ సిక్స్‌టీన్‌కు పాతదాని వెనక భాగంలో ఉండే మూపురం ఆకారమే ఉంది, లోపలి పనితీరు మాత్రం వేరు. ఇందులో గొట్టం కదలదు, బోల్టులోని స్ప్రింగు పనిచేస్తుంది. 16 గేజ్ కోసం ప్రత్యేకంగా చిన్న ఫ్రేము చేశారు. బరువు అయిదు పౌండ్ల పన్నెండు ఔన్సులు. పాతఇనుము గారు పెట్టిన నియమం ప్రకారం చూస్తే ఇది అసలైన 16. మార్చుకోదగిన చోకులు (పెల్లెట్లు ఎంత దగ్గరగా పడాలో నిర్ణయించే, గొట్టం చివరి సన్నని భాగాలు) వస్తాయి, ఉక్కు పెల్లెట్లు నిశ్చింతగా వాడుకోవచ్చు.

నా పని ఎక్కువగా బాబ్‌వైట్ పూరేడు పిట్టల మీద, సెప్టెంబరు మొదట్లో గువ్వల మీద. పూరేళ్ల గుంపు కుక్క ముందు నుంచి ఒక్కసారిగా లేస్తుంది, పాత ఆటో-5 బరువు ముందు భాగంలో ఉండడం వల్ల గొట్టం నిలకడగా సాగుతుంది. గువ్వలకు ఒక ఔన్సు ఎనిమిదో నంబరు పెల్లెట్లు (నంబరు పెరిగే కొద్దీ పెల్లెట్ చిన్నది). ఎండలో మెస్కీట్ పొదల మధ్య మైళ్లకు మైళ్లు నడిచే రోజున మాత్రం కొత్తదే తీసుకెళ్తాను.

---

వరిచేనుబాతు (లిటిల్ రాక్, ఆర్కాన్సా)

బాతుల సంగతి నేను చెబుతాను. అమెరికాలో వరి అన్నిటికన్నా ఎక్కువగా పండేది మా రాష్ట్రంలో. స్టట్‌గార్ట్ చుట్టుపక్కల గ్రాండ్ ప్రెయిరీలో కోతలైన వరి మళ్లలోకీ, నీరు నిలిచిన ఓక్ అడవుల్లోకీ చలికాలంలో మల్లార్డ్ బాతులు దిగుతాయి. గోదావరి డెల్టాలో పుట్టిన నాకు ఆ మళ్ల గట్ల మీద నడవడం కొత్తగా అనిపించలేదు. అడవిలో మోకాలి పైదాకా నీళ్లలో చెట్టుకు ఆనుకుని నిలబడితే, కొమ్మల మధ్య ఖాళీలోంచి బాతులు రెక్కలు విప్పి దిగుతాయి. అక్కడ దూరం ఇరవై, ముప్పై గజాలే. 16 గేజ్‌కు అంతకన్నా అనువైన చోటు నీటి వేటలో మరొకటి లేదని నమ్ముతాను.

చిక్కు అంతా తూటా లోపలి లోహంతోనే. 1991 నుంచి దేశమంతటా నీటి పక్షులకు సీసం నిషేధం. ఆ నిషేధం రావలసిందే, నీటి అడుగున పడిన సీసపు పెల్లెట్లను గింజలనుకుని మింగి బాతులు విషంతో చనిపోతున్నాయి కాబట్టి దానిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దాని స్థానంలో వచ్చిన ఉక్కు తేలికైనది: సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే ఉక్కుది 7.8 మాత్రమే. తేలిక లోహం దూరం వెళ్లే కొద్దీ వేగం కోల్పోతుంది కాబట్టి సీసంలో వాడే నంబరు కన్నా రెండు నంబర్లు పెద్ద పెల్లెట్ వేయాలి. పెద్ద పెల్లెట్లు వేస్తే సంఖ్య తగ్గుతుంది. 16 గేజ్ ఉక్కు తూటాలో ఔన్సు కన్నా కొంచెం తక్కువగా, 15/16 ఔన్సు పడుతుంది. రెండో నంబరు ఉక్కులో అవి దాదాపు 117 పెల్లెట్లు. ముప్పై గజాల లోపు అది చాలు. నలభై గజాలకు చాలదు, అంత దూరంలో ఉన్న బాతును వదిలేయడమే న్యాయం.

ఇందుకు మంచి పరిష్కారం బిస్మత్. దాని సాంద్రత దాదాపు 9.6, ఉక్కుకూ సీసానికీ నడుమ. మెత్తని లోహం కనుక పాత గొట్టాలకు హాని చేయదు. ఒక ఔన్సు పైబడిన బిస్మత్ తూటాలు 16లో ఇప్పుడు దొరుకుతున్నాయి. ధర ఎక్కువే. కానీ బాతుల వేటలో రోజుకు పేల్చేది కొద్ది తూటాలే కదా! బెల్జియంలో చేసిన పాత ఆటో-5 గొట్టాలలోనూ, బిగుతు చోకు ఉన్న పాత జోడు గొట్టాలలోనూ ఉక్కు వేయకూడదు. గట్టి ఉక్కు బిగుతు చోటులోంచి దూరినప్పుడు గొట్టం చివర ఉంగరంలా ఉబ్బుతుంది. ఆ పాత గొట్టాలకు ఉక్కు తగదని బ్రౌనింగ్ కంపెనీ కూడా చెబుతుంది.

మరొక మాట, కొత్తవారి కోసం. వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాల కన్నా ఎక్కువ పట్టకూడదు. పాత పంపు తుపాకీ కొంటే లోపల చెక్క పుల్ల ఉందో లేదో చూసుకోండి, చాలాసార్లు వెనకటి యజమాని తీసేసి ఉంటారు. పదహారేళ్లు నిండినవారు సమాఖ్య బాతు స్టాంపు కూడా కొనాలి. 1934 నుంచి ఆ సొమ్ముతోనే చిత్తడి నేలలను కొని కాపాడుతున్నారు.

---

పన్నెండేచాలు (కాన్సస్)

బాతుల వరకు ఒప్పుకుంటాను, బిస్మత్ వచ్చాక పరిస్థితి మారింది. పెద్దబాతుల విషయంలో మాత్రం నా మాట మార్చుకోలేను. పది పౌండ్ల కెనడా గూస్ గాలికి ఎదురుగా నలభై గజాల ఎత్తున వెళ్తుంటే 16 పట్టుకుని ఆశపడడం పక్షికి అన్యాయం. దాన్ని గాయపరిచి పోగొట్టుకోవడం వేటగాడికి తగని పని.

---

వరిచేనుబాతు (లిటిల్ రాక్, ఆర్కాన్సా)

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బొమ్మల మీదికి పాదాలు చాపి దిగుతున్న గూస్ అయితే 16లో రెండో నంబరు బిస్మత్ పనిచేస్తుంది. పైనుంచి దాటిపోయేవాటికి 12 తీసుకెళ్లండి.

---

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

నేను వేటగాడిని కాను, మీ చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. మా తాతగారి కాలం నాటి జోడు గొట్టాల తుపాకీ ఒకటి మా పెద్దనాన్నగారి లైసెన్సు మీద ఉంది. దానిని ఇంట్లో అందరూ పదహారు బోరు అంటారు. గొట్టాల అడుగున ఏవో ముద్రలున్నాయి, జర్మనీలో చేసినదని పెద్దనాన్నగారు చెబుతారు. ఇది విలువైనదేనా? ఆయన తర్వాత దీనిని మేము ఉంచుకోవచ్చా?

---

పాతఇనుము (పెన్సిల్వేనియా)

గోదారిగట్టు గారూ, జర్మనీలో చేసినదైతే 16 కావడం చాలా సహజం. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల వేటగాళ్లకు తరతరాలుగా అభిమాన గేజ్ 16. సూల్ పట్టణంలోని మెర్కెల్, సావర్, సిమ్సన్ తయారీదారులు ఈ గేజ్‌లో అద్భుతమైన పనితనం చూపారు. రెండు 16 గొట్టాల కింద ఒక రైఫిల్ గొట్టం ఉండే డ్రిల్లింగ్ తుపాకీలు కూడా అక్కడివే. ఫ్రాన్స్‌లో సెంట్ ఎటియెన్ నగరపు మాన్యుఫ్రాన్స్ కంపెనీ చేసిన రోబుస్ట్ తుపాకీ మామూలు రైతు ఇంట్లో కూడా ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైనికులు జర్మనీ నుంచి తెచ్చుకున్న 16లు ఇక్కడి పాత తుపాకీల సంతల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ముద్రల్లో 16/70 అని ఉంటే ఛాంబరు 70 మిల్లీమీటర్లది, లేకపోతే 65 అయి ఉండవచ్చునని అనుకుని కొలిపించాలి. విలువ తయారీదారును బట్టీ స్థితిని బట్టీ ఉంటుంది.

ఉంచుకోవడం గురించి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు ఆ వ్యక్తికే చెందుతుంది, తుపాకీతో పాటు వారసత్వంగా రాదు. లైసెన్సుదారు మరణించినప్పుడు వారసులు దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని అప్పగించి తమ పేరు మీద దరఖాస్తు చేసుకోవాలి. మీ పెద్దనాన్నగారు ఉండగానే జిల్లా కలెక్టరు కార్యాలయంలో విచారించి కాగితాలు సిద్ధం చేసుకోవడం మంచిది. 2019 సవరణ తర్వాత ఒకరి లైసెన్సు మీద రెండు తుపాకీలకు మించి ఉండకూడదు. వేట మాత్రం భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నిషిద్ధం. కొల్లేరు బాతుల మీద ఆ తుపాకీ పేలకూడదు, పేలకపోవడమే మంచిది కూడా. చెక్కకు అవిసె నూనె, ఇనుముకు పల్చని తుపాకీ నూనె రాసి పొడి చోట ఉంచండి. గోదావరి తేమకు తుప్పు త్వరగా పడుతుంది.

---

కొత్తగాచేరాను (డాలస్)

నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. సహోద్యోగులతో గువ్వల వేటకు వెళ్లాలని ఉంది. అసలు నేను తుపాకీ పట్టుకోవచ్చా?

---

నిర్వాహకులు

అంశానికి సంబంధించిన ప్రశ్నే కనుక సమాధానం ఇస్తున్నాము. హెచ్-1బి వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం సాధారణంగా నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని రాష్ట్రం జారీ చేసిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండడం. కాబట్టి ముందు వేటగాళ్ల శిక్షణ తరగతి పూర్తి చేసి, లైసెన్సు తీసుకున్న తర్వాతే తుపాకీ ముట్టుకోవాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారికి ఆ శిక్షణ తప్పనిసరి. లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి మినహాయింపు కూడా ఉండదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మీ వలస హోదాకు ఇబ్బంది రాకుండా న్యాయవాదిని కూడా సంప్రదించండి.

---

మెట్టదారి (మిన్నియాపోలిస్)

అందరి మాటలూ చదివాక ఎంపిక రెండింటికి దిగింది: ఇథాకా 37 లేదా కొత్త స్వీట్ సిక్స్‌టీన్. దక్షిణ డకోటాలో నేను నడిచే చోట్లలో కొన్ని సమాఖ్య ప్రభుత్వపు నీటి పక్షుల ఉత్పత్తి క్షేత్రాలు. అక్కడ ఫెజెంట్లకు కూడా సీసం వాడకూడదు. దీన్ని దృష్టిలో పెట్టుకుంటే మీలో ఎవరైనా ఒకదాని వైపు మొగ్గు చూపుతారా? చోకు ఏది పెట్టుకోవాలి?

---

పాతఇనుము (పెన్సిల్వేనియా)

ఆ ఒక్క వాక్యంతో నా సమాధానం తేలిపోయింది. సీసం కుదరని నేల మీద ఎక్కువగా నడిచేవారు ఉక్కు తట్టుకునే కొత్త గొట్టం తీసుకోవడమే సరి. పాత తుపాకీల మీద నాకెంత ప్రేమ ఉన్నా ఇక్కడ మీకు స్వీట్ సిక్స్‌టీన్‌నే సిఫారసు చేస్తాను. ఇథాకా కొనాలనే ఉంటే ఒహాయోలోని అప్పర్ శాండస్కీలో ఇప్పుడు చేస్తున్నది చూడండి, లేదా పాతదానిలో బిస్మత్ మాత్రమే వేస్తానని ముందే నిర్ణయించుకోండి.

---

కౌజుపిట్ట (ఆబిలీన్, టెక్సస్)

నా ఓటు కూడా దానికే. అయితే అంత తేలిక తుపాకీలో బరువు తూటాలు వరుసగా పేల్చితే భుజం నొస్తుంది. సాధనకు ఒక ఔన్సు మించకండి.

---

పన్నెండేచాలు (కాన్సస్)

ఈ నిర్ణయంతో నాకూ అభ్యంతరం లేదు. మీ 12ను మాత్రం అమ్మకండి, పెద్దబాతుల కోసం అది మీకు అవసరం. రెడ్‌ఫీల్డ్ వైపు వెళ్లే ముందు ఊళ్లోనే 16 తూటాలు సరిపడా కొని పెట్టుకోండి. దక్షిణ డకోటాలో మొదటి ఫెజెంట్ వేట 1919లో జరిగింది ఆ స్పింక్ కౌంటీలోనే అయినా, దారిలోని పెట్రోలు బంకులో మీ గేజ్ దొరుకుతుందన్న హామీ లేదు.

---

తుపాకీపనివాడు (విస్కాన్సిన్)

చోకు గురించి. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయంలో పడే పెల్లెట్ల శాతాన్ని బట్టి చోకులకు పేర్లు పెట్టారు: ఫుల్ 70, మాడిఫైడ్ 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50. ఇవి సీసం లెక్కలు. ఉక్కు పెల్లెట్లు నలగవు కాబట్టి అదే చోకులోంచి మరింత దగ్గరగా పడతాయి. అందువల్ల ఉక్కుకు ఒక మెట్టు వదులు చోకు చాలు.

అక్టోబరులో కుక్క ముందు లేచే ఫెజెంట్లకు ఇంప్రూవ్డ్ సిలిండర్, నవంబరు తర్వాత దూరంగా లేచే ముదురు పుంజులకు మాడిఫైడ్ పెట్టుకోండి. బాతులకు ఉక్కు అయితే ఇంప్రూవ్డ్ సిలిండర్, బిస్మత్ అయితే మాడిఫైడ్. ఇది నా సలహా మాత్రమే, మీ గొట్టం మీ తూటాతో ఏం చేస్తుందో కాగితమే చెప్పాలి. నాలుగడుగుల వెడల్పు కాగితం మధ్యలో గుర్తు పెట్టి, మీరు నిజంగా పేల్చే దూరాన్ని, ముప్పై గజాలైతే ముప్పైని, కొలిచి నిలబడి పేల్చండి. దట్టంగా పడిన చోటు చుట్టూ ముప్పై అంగుళాల వలయం గీసి అందులోని రంధ్రాలు లెక్కించండి. పిడికిలంత ఖాళీలు ఎక్కువగా కనిపిస్తే తూటా నంబరు మార్చండి, లేదా చోకు మార్చండి. ఒక్క కాగితంతో తీర్పు చెప్పకుండా ఒకే తూటాతో కొన్నిసార్లు చేసి సగటు చూడండి.

కొనే ముందు దుకాణంలో చేయవలసిన పని ఒకటి మిగిలింది. మీరు నవంబరులో వేసుకునే మందపు కోటు తీసుకెళ్లి, అది తొడుక్కుని, తుపాకీ ఖాళీగా ఉందని మీరూ అమ్మేవారూ చూసుకున్న తర్వాత కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచేసరికి గొట్టం మీది పట్టీ వెంట చూపు నేరుగా ముందు పూస మీదికి వెళ్లాలి. పట్టీ మొత్తం పైనుంచి కనిపిస్తే మడమ (భుజానికి ఆనే చెక్క) ఎత్తు ఎక్కువ, పూస కనిపించకుండా తుపాకీ వెనక భాగమే అడ్డు వస్తే తక్కువ. మడమ చంకలో కోటుకు తగులుకుంటే పొడవు ఎక్కువ. కొత్త ఏ5 పెట్టెలో మడమ వంపును సర్దే బిళ్లలు వస్తాయి, వాటితో ఈ తేడాలు చాలా వరకు సరిచేయించుకోవచ్చు.